లగ్నం: అంటిపెట్టుకున్న మాట

సంస్కృతంలో ‘లగ్’ ధాతువుకు తగులుకోవడం, అంటుకోవడం అని అర్థం. ‘లగ్నం’ అందులోంచే పుట్టింది. బిడ్డ పుట్టిన క్షణాన తూర్పున నేలా నింగీ కలిసే చోట తగులుకుని ఉదయిస్తున్న రాశే లగ్నం. జాతకచక్రంలో 12 భావాల లెక్క అక్కడే మొదలవుతుంది. రోజులో 12 రాశులూ ఉదయించాలి కనుక ఒక్కో లగ్నం సుమారు 2 గంటలు. అందులో తొమ్మిదో వంతు, నవాంశ, దాదాపు 13 నిమిషాలే. అందుకే ఒకే రోజు, ఒకే నక్షత్రంలో పుట్టినా చక్రాలు వేరవుతాయి. జాతకం రాసేవారు పుట్టిన వేళను అంత పట్టుగా అడిగేదీ ఇందుకే.

ఈ మాట చక్రం దాటి మన ఇళ్లలోకీ వచ్చింది. పెళ్లి ముహూర్తం రాసుకునేది లగ్నపత్రిక. తెలంగాణలో పెళ్లే ‘లగ్గం’. చదువు మీద మనసు లగ్నం చేయమంటారు పెద్దలు. అన్నిటా నిలిచిన అర్థం ఒక్కటే: విడవకుండా అంటిపెట్టుకోవడం.