సప్తగోదావరి పుష్కరిణి: కోనేటి పాచి నివారణ చరిత్రపై ఒక పరిశీలన

ద్రాక్షారామ భీమేశ్వరాలయ పుష్కరిణికి సప్తగోదావరి అని పేరు. సప్తర్షులు తెచ్చిన ఏడు పాయల నీరు అందులో ఉందని స్థలవిశ్వాసం. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో ఈ క్షేత్రాన్ని విస్తారంగా కీర్తించాడు. పేరు పారే నదులది; నీరు మాత్రం కోనేటి నిలువనీరు. నీరు నిలిస్తే పాచి పడుతుంది. దాన్ని మన పూర్వులు ఎలా అర్థం చేసుకున్నారన్నది ఆలయ చరిత్రలో తగినంత శ్రద్ధకు నోచుకోని అంశం.

ఈ ఆలయంలోని వందలాది శాసనాలలో అధికభాగం అఖండదీప దానాలు. దీపానికి నేయి, నేతికి గొర్రెలు లేదా ఆవులు, వాటికి సంరక్షకులు: నిత్యవ్యయానికి నిత్యాదాయం చూపిన లెక్క అది. తటాకానికి సప్తసంతానాలలో స్థానం దక్కింది. అయితే అక్కడ పుణ్యం ప్రధానంగా తవ్వించినవారిది. ఏటా పూడిక తీసేవారికి ఆ జాబితాలో ప్రత్యేక స్థానం లేదు.

నీటిశుద్ధి గురించి మనకు శాస్త్రగ్రంథ సాక్ష్యం ఉంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో అంజనం, తుంగముస్తలు, వట్టివేరు, ఉసిరి మొదలైనవాటితో చిల్లగింజను కలిపి బావినీటిలో వేయమన్నాడు. చిల్లగింజ నీటిలో తేలాడే మలినాన్ని గుమికూర్చి అడుగుకు దింపుతుంది. కడవనీటికి అది చాలు. కోనేటిలో మాత్రం దిగిన మలినం అడుగునే ఉండి మళ్లీ పాచికి ఆహారమవుతుంది.

1904లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అత్యల్ప మోతాదు మైలుతుత్తంతో జలాశయాల్లోని శైవలాలను చంపవచ్చని ప్రకటించారు. ఆ పద్ధతి ఉద్యానవనాల కొలనుల దాకా వ్యాపించింది. ఫలితం వెంటనే కనిపించడమే దాని ఆకర్షణ. కాని చచ్చిన పాచి కుళ్లుతూ ప్రాణవాయువును హరిస్తుంది, చేపలు చనిపోతాయి. రాగి అడుగుమట్టిలో పేరుకుంటుంది. పాచిని పెంచిన పోషకాలు నీటిని విడిచిపోవు. 1973లో కెనడాలోని 226వ సరస్సును షిండ్లర్ బృందం తెరతో రెండుగా విభజించి, ఒకవైపు కర్బనం, నత్రజని మాత్రమే, రెండోవైపు వాటితో పాటు భాస్వరం కూడా కలిపింది. భాస్వరం కలిసిన సగమే పచ్చబడింది.

ఈ వెలుగులో మన పూడికతీతను తిరిగి చూడాలి. వేసవిలో చెరువు ఎండగట్టి, అడుగు ఒండ్రును బండ్లతో పొలాలకు తోలడాన్ని మనం లోతు పెంచే పనిగానే లెక్కవేస్తూ వచ్చాం. నిజానికి అది భాస్వరాన్ని నీటినుంచి తీసి, అది అవసరమైన చేలో వేయడం. మైలుతుత్తం చేయలేనిది పార చేసింది. ఆ శ్రమ చేసినవారి పేర్లు శాసనాలకెక్కకపోవడం వేరే వ్యాసానికి తగిన విషయం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీటి లయ మారింది. కాలువలు పారినన్నాళ్లూ చెరువుల్లోకి కొత్తనీరు వస్తుంది. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేముందు ఊళ్లు చెరువులు నింపుకొంటాయి. అంటే ఎండలు ముదిరే నెలల్లోనే నీరు కదలకుండా ఉంటుంది. పాచికి అంతకన్న అనుకూలమైన కాలం లేదు. వాడుక చెరువును ఎండగట్టడానికి అదే అదను. పర్వస్నానాలకు నీరుండవలసిన పుష్కరిణికి మాత్రం ఆ వెసులుబాటు తక్కువ.

అందువల్ల పుష్కరిణి విషయంలో లోపలికి చేరేదాన్ని తగ్గించడమే మిగిలిన మార్గం: సబ్బు, పూలు, ప్రసాదపు దొన్నెలు. కార్తికంలో వదిలే దీపాలూ ఈ లెక్కలోకే వస్తాయి. శాసనాల్లోని అఖండదీపం గర్భాలయంలో వెలిగింది. దాని నేయి నీటిలో కలవలేదు.