నాట్యమును గూర్చి ప్యూరిటనుల వైఖరి: ఒక చారిత్రక పరిశీలన

ప్యూరిటనులు నాట్యమును బొత్తిగా నిషేధించిరని మన సంఘములలో తరచు వినుచున్నాము. చరిత్ర ఈ మాటను పూర్తిగా సమర్థించదు.

ఇంగ్లండులో రాజరికము తొలగి ప్యూరిటనుల ప్రాబల్యము సాగుచున్న 1651లోనే జాన్ ప్లేఫోర్డ్ లండనులో గ్రామీణ నృత్యముల పుస్తకమును ప్రచురించెను. అందులో 105 నృత్యములకు రాగములు, అడుగుల వివరణలు ఉన్నవి. స్త్రీ పురుషులు ఎదురెదురు వరుసలుగానో, వలయముగానో నిలిచి ఆడు నృత్యములవి.

1680లలో బోస్టను బోధకుడైన ఇంక్రీజ్ మాథర్ నాట్యమునకు విరోధముగా ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అయితే ఆయన కూడ నాట్యమంతయు స్వతహాగా పాపమనలేదు. స్త్రీ పురుషులు కలిసి ఆడుటనే ఖండించెను.

19వ శతాబ్దపు అమెరికా పల్లెలలో కొన్ని సంఘములు ఫిడేలును సాతాను వాద్యమని త్రోసివేసెను. అచ్చటి యౌవనస్థులు వాద్యము మాని, నోటితో పాడుకొనుచు దాదాపు అవే అడుగులు వేసిరి. దానిని నాట్యమనక ‘ప్లే పార్టీ’ అనిరి. పేరు మారెను, ఆట మిగిలెను.

మిర్యాము నాట్యమాడినది దేవుని స్తుతించుటకు (నిర్గమ 15:20). ఇశ్రాయేలీయులు నాట్యమాడినది దూడ యెదుట (నిర్గమ 32:19). కనుక క్రిస్మస్ కోలాటమును గూర్చి యౌవనస్థులు అడిగినప్పుడు, కాపరులమైన మనము వాద్యమును, అడుగును గాక, అది ఎవరి యెదుట, ఏ ఉద్దేశముతో జరుగుచున్నదో మొదట విచారించవలెనని మా అభిప్రాయము.