అట్టల దండ నుంచి ఈ-పుస్తకం దాకా

ధర్మవరంలో జాకార్డు బిగించిన మగ్గం ముందు కూర్చుంటే తలపైన రంధ్రాలు కొట్టిన అట్టల దండ వేలాడుతూ కనిపిస్తుంది. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దానితో పడుగు పోగూ లేస్తుంది. లేనిచోట లేవదు. అంచున హంస రావాలన్నా, కొంగున మామిడిపిందె రావాలన్నా ఆ బొమ్మ చీరలోకి రాకముందే అట్టల్లో ఉంటుంది. ఎర్రపట్టు తీసి పచ్చపట్టు ఎక్కించినా అట్టలు మారవు.

ఈ-పుస్తకాన్ని దిద్దే, మార్చే, దాచే సాఫ్ట్‌వేర్‌కు వంశవృక్షం గీస్తే మూలపురుషుడు ఈ మగ్గం దగ్గరే దొరుకుతాడు. ఫ్రాన్సులోని లియాన్ పట్నంలో జోసెఫ్ మరీ జాకార్ 1804లో ఈ సాధనానికి రూపమిచ్చాడు. రంధ్రాల అట్టల కిటుకునే హెర్మన్ హోలరిత్ 1890లో అమెరికా జనాభా లెక్కలకు వాడాడు. ఆయన కంపెనీ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. దారం వేరు, దానికిచ్చే ఆజ్ఞ వేరు అన్న మగ్గం సూత్రం అలా కంప్యూటర్‌కు చేరింది.

మొదటి ఈ-పుస్తకంలో ఆజ్ఞలేవీ లేవు, వట్టి దారమే. 1971 జులై 4న ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేసి కంప్యూటర్‌లో పెట్టాడు. అన్నీ పెద్దబడి అక్షరాలే. ఉచిత ఈ-పుస్తకాలు అందించే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌కు అదే పునాది. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టింది. అచ్చుపేజీ ఎలా ఉందో అలాగే చూపిస్తుంది. ప్రెస్సుకు అంతకంటే ఏం కావాలి? చిన్న ఫోన్‌లో చదివేవాడికి మాత్రం ప్రతి పంక్తినీ అటూ ఇటూ జరుపుకోవడమే సరిపోతుంది.

2007లో ప్రమాణంగా స్థిరపడిన ఈపబ్ మగ్గం పద్ధతికి తిరిగొచ్చింది. ఈపబ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పితే లోపల అధ్యాయాల పాఠం ఒకచోట, అక్షరం ఎంత ఉండాలి, మార్జిన్ ఎంత వదలాలి అని చెప్పే సూచనలు మరోచోట, ఏ అధ్యాయం తర్వాత ఏది అన్న జాబితా ఇంకోచోట ఉంటాయి. పాఠం దారం, సూచనలు అట్టలు. తెర వెడల్పును బట్టి పంక్తి తనంతట తాను సర్దుకుంటుంది.

ఆ ఏడాదే నవంబరులో అమెజాన్ కిండిల్ వచ్చింది. అమెజాన్ దానికి, తాను అంతకుముందే కొనుక్కున్న మోబీపాకెట్ కంపెనీ ఫార్మాటును దారిగా ఎంచుకుంది. కంపెనీకో ఫార్మాటు, పరికరానికో తాళం అయ్యాయి. ఒకదానికోసం కొన్న పుస్తకం ఇంకోదాంట్లో తెరుచుకోదు. మార్పిడి సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ పుట్టింది ఈ చిక్కులోనే.

అలాంటి చిక్కును అంతకుముందే ఎదుర్కొన్నవారిలో ఒక భారతీయుడు ఉన్నాడు. 2006లో సోనీ తన పీఆర్ఎస్-500 రీడరును విడుదల చేసింది. లైనక్స్ కంప్యూటర్‌తో అది మాట్లాడదు. అమెరికాలోని కాల్‌టెక్‌లో చదువుకుంటున్న కోవిద్ గోయల్, ఆ పరికరంలోకి పుస్తకాలు ఎక్కించుకోవడానికి సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నాడు. తర్వాత మార్పిడి కలిపాడు, ఆపైన పుస్తకాల అర కలిపాడు. 2008లో దానికి క్యాలిబర్ అని పేరు పెట్టాడు. అందులోని ‘లిబ్రె’ అన్న ముక్క స్వేచ్ఛను చెబుతుంది. ఇప్పటికీ అది ఉచితమే, మూలకోడ్ ఎవరైనా చూడవచ్చు. 2009లో వచ్చిన సిగిల్ వేరే పని పెట్టుకుంది. ఈపబ్ మూట విప్పి, లోపలి పాఠాన్నీ సూచనలనూ నేరుగా దిద్దనిస్తుంది. క్యాలిబర్ కూడా తర్వాత సొంత ఎడిటర్‌ను చేర్చుకుంది. 2018లో లిబ్రెఆఫీస్ 6.0 తన రైటర్ నుంచే ఈపబ్ తీసే సౌకర్యం ఇచ్చింది.

ఇక్కడిదాకా కథ ఇంగ్లీషు పుస్తకానిది. తెలుగు పుస్తకానిది హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ దగ్గర మొదలవుతుంది. గూటిని తెచ్చి మగ్గం మీద పెడితే చీర రాదు. ముందు వేడినీళ్లలో వేసి దారం తీయాలి. మన పుస్తకాలు చాలావరకు ఇంకా గూళ్లే.

అందులో రెండు రకాలు. మొదటిది బొమ్మల గూడు. కాటూరులో పుట్టి ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. వాటిలో చాలా ఇప్పుడు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్నాయి. కానీ అవి పేజీల ఫొటోలు. వాటిని క్యాలిబర్‌లో వేసి ఈపబ్ చేయమంటే వచ్చేదీ ఫొటోలే.

రెండోది ఫాంటు గూడు. ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దక్కింది, విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటూ వచ్చింది. డీటీపీ సెంటర్లు మాత్రం పేజ్‌మేకర్‌నూ అను ఫాంట్లనూ వదల్లేదు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు. ఆ ఫైలును ఈపబ్‌గా మారిస్తే గజిబిజి మిగులుతుంది. తప్పు మార్పిడి సాఫ్ట్‌వేర్‌ది కాదు, దానికి ఇచ్చిన దారానిది.

పైగా బజారు కూడా తెలుగును ఆలస్యంగానే చూసింది. 2010లో కినిగె తెలుగు ఈ-పుస్తకాల దుకాణం తెరిచింది. 2016 డిసెంబరులో కిండిల్ అయిదు భారతీయ భాషల పుస్తకాలకు ప్రత్యేక విభాగం పెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అందులో తెలుగు లేదు.

దారం తీసే పని చూడాలంటే తెలుగు వికీసోర్స్‌కు వెళ్లాలి. ఎడమవైపు పాఠం, కుడివైపు పేజీ ఫొటో. యంత్రం చదివిన పాఠాన్ని ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగుకు మారుతుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. పూర్తయిన పుస్తకాన్ని ఈపబ్‌గా దింపుకోవచ్చు. అయితే ముందు కాపీరైటు చూసుకోవాలి. ధర్మవరాన్ని ఇంటిపేరుగా మోసిన ఆంధ్ర నాటక పితామహుడు రామకృష్ణమాచార్యులు 1912లోనే కన్నుమూశారు కాబట్టి ఆయన నాటకాలకు కాపీరైటు అడ్డులేదు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని తరలివచ్చిన పెనుకొండ మీద ‘పెనుగొండ లక్ష్మి’ రాసిన పుట్టపర్తి నారాయణాచార్యుల సంగతి వేరు.  ఆయన 1990లో పోయారు. మరణం తర్వాత 60 ఏళ్ల లెక్కన 2050 చివరిదాకా హక్కుదారుల అనుమతి ఉండాల్సిందే.

ఇక సాఫ్ట్‌వేర్ ఎంపిక. ఫొటో పుస్తకమైతే ముందు ఫొటోలోని అక్షరాలను పాఠంగా మార్చే ఓసీఆర్, ఆపైన మనిషి కన్ను. అను ఫైలైతే యూనికోడ్ కన్వర్టర్, ఒత్తుల దగ్గర మళ్లీ మనిషి కన్ను. యూనికోడ్ పాఠం చేతికొచ్చాక లిబ్రెఆఫీస్‌లో శీర్షికలకు హెడింగ్ స్టైళ్లు పెట్టి ఈపబ్ తీస్తే విషయసూచిక దానంతటదే తయారవుతుంది. సన్నపు దిద్దుబాట్లకు సిగిల్. మండలి, రామభద్ర వంటి స్వేచ్ఛా ఫాంటు ఒకటి లోపలే పొదిగితే చదివేవారి దగ్గర తెలుగు ఫాంటు లేకపోయినా పుస్తకం కనిపిస్తుంది. మార్పిడికీ, అరలో సర్దడానికీ క్యాలిబర్. అది పుస్తకాన్ని తన ఫోల్డరులోకి కాపీ చేసుకుని, తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలోకి మార్చి పెడుతుంది. కంగారుపడి ఆ ఫోల్డర్ల పేర్లు చేత్తో మార్చకండి, జాబితా తెగిపోతుంది. కిండిల్ కోసం మోబీ చేయనక్కర్లేదు, 2022 నుంచి అమెజాన్ సెండ్ టు కిండిల్ సేవ ఈపబ్‌నే తీసుకుంటోంది.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మీ ఫైలులో ఒక పంక్తి కాపీ చేసి వాట్సాప్ సందేశంలో అతికించండి. తెలుగు తెలుగుగానే పడితే పైన చెప్పిన వాటిలో ఏదైనా మీ పని చేస్తుంది. పడకపోతే మీ పుస్తకం ఇంకా గూటిలోనే ఉందని అర్థం. ముందు దారం తీయండి.