టైరు మీద ముగ్గు

మోటారు సైకిలు వెనక సీటులో ఒకవైపుగా కూర్చునే మనకి, కొంగు చక్రంలో పడకుండా చూసుకోవడంతోనే సరిపోతుంది. ఇక టైరు మీది గీతలు చూసే తీరికెక్కడిది? కానీ వానలో మన ప్రాణం ఆ గీతల మీదే ఉంటుంది సుమండీ.

గాలి టైరుకి మొదటి పేటెంటు 1845లో స్కాట్లండు మనిషి రాబర్ట్ థామ్సన్ తీసుకున్నాడు. లోకం మరిచిపోయింది. 1888లో బెల్‌ఫాస్టులో డన్లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు చూడలేక మళ్ళీ కనిపెట్టాడు. పాపం, అది మొదటిది కాదని తేలి, పేటెంటు చెల్లకుండా పోయింది. ఇద్దరి ధ్యాసా కుదుపు మీదే, జారుడు మీద కాదు. తొలి టైర్లు నున్నగా ఉండేవి. 1904లో కాంటినెంటల్ కంపెనీ కార్లకి గీతల టైరు తెచ్చింది. 1908లో ఫైర్‌స్టోన్ వాళ్ళు ఏకంగా 'నాన్ స్కిడ్' అన్న అక్షరాలనే టైరు చుట్టూ పోతపోశారు!

పొడి రోడ్డు మీద నున్నటి టైరుకే పట్టెక్కువ. పందెం బళ్ళకి అందుకే గీతలుండవు. వాన పడితే చక్రాలే మార్చేస్తారు. మన అబ్బాయిలకి అలా మార్చేవాళ్ళెవరు? "ఇంకో ఆర్నెల్లు లాగుతుందమ్మా" అంటారు గానీ, తడి రోడ్డు మీద నీళ్ళు పక్కకి పోవడానికి ఆ గీతలే కాలవలు. అవి పూడితే బ్రేకు వేసినా బండి మాట వినదు.

గీతల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే మార్చాల్సిందే. కొత్త టైరూ మొదట్లో కాస్త జారుడే. పై నునుపు పోయేదాకా నెమ్మదిగా నడపమనండి.