వైద్య నమోదులు, పాతబస్తీ

రోగి నాడి, శ్వాస, రక్తపోటు, పరీక్షల ఫలితాలను రాసి భద్రపరచి, చికిత్సకూ పరిశోధనకూ వాడుకునే పద్ధతి. హైదరాబాదు పాతబస్తీలో ఇది కాగితం నుంచి సెల్‌ఫోను దాకా వచ్చింది.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో కట్టించిన దారుల్ షిఫా యునానీ వైద్యశాల, విద్యాలయం కూడా. తర్వాతి రెండున్నర శతాబ్దాలు హకీములు నాడి పట్టి నుస్ఖా (మందు చీటీ) రాసివ్వడంతోనే గడిచాయి. 1846లో హైదరాబాదు వైద్య పాఠశాల వెలిసింది.

కొలిచి రాసే వైద్యంలో ఇక్కడి ఘనమైన ఘట్టం క్లోరోఫాం కమిషన్. క్లోరోఫాంతో మత్తిచ్చేటప్పుడు కనిపెట్టవలసింది శ్వాసనా, నాడినా అన్నది ఆనాటి వివాదం. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీది శ్వాస పక్షం. వైద్య పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఆయన 1888లో మొదటి కమిషన్‌ను ఏర్పాటు చేయించారు. శ్వాస పక్షమే సరైనదన్న ఆ కమిషన్ ఫలితాలను లండన్ వైద్య పత్రిక లాన్సెట్ శంకించింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1000 పౌండ్లిచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రప్పించింది. వచ్చినవారు లాడర్ బ్రంటన్. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 400కు పైగా జంతువులపై ప్రయోగాలు సాగాయి. ధమనికి మానోమీటర్ తగిలిస్తే, తిరిగే డ్రమ్ముపై రక్తపోటు గీతగా పడేది. జెరాల్డ్ బామ్‌ఫర్డ్, డాక్టర్ రుస్తుంజీ సభ్యులు. మత్తు వైద్యంలో తొలి మహిళగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ సహాయకులలో ఒకరు. గుండె కన్నా ముందు ఆగేది శ్వాసేనని తేల్చారు. తేలికపాటి మత్తులోనూ గుండె లయ తప్పి ప్రాణం పోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపడంతో ఆ తీర్పు నిలవలేదు. అయినా గీతలను అచ్చువేసి లోకం ముందు పెట్టిన నిజాయతీ మెచ్చదగినది.

నయాపూల్ అవతలి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు మూసీ వరదకు దెబ్బతినగా, ఉస్మానియా ఆసుపత్రి వచ్చింది. తక్కిన శతాబ్దమంతా ఓపీ చీటీ, కేసు షీటులదే.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో శస్త్రచికిత్సల అనుమతి ఆన్‌లైన్‌లోనే. క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ కూడా ఆ ఏడాదిదే. 2009 జూన్ 15 నుంచి అందులో ట్రయల్స్ నమోదు తప్పనిసరి. 2018లో బస్తీ దవాఖానాలు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ వచ్చాయి. గల్లీలో తీసిన రక్తం నారాయణగూడ ప్రయోగశాలకు వెళ్తుంది, ఫలితం ఫోనుకు వస్తుంది. పేదింటికి ఇది పెద్ద ఊరట. కాకపోతే ఇంటికి ఒకే ఫోనున్న చోట స్త్రీ రిపోర్టు ముందు ఎవరి చేతిలో పడుతుందో చూసుకోవాలి. 2021 సెప్టెంబరు 27న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో రోగి ఆరోగ్య ఖాతాకు ఆభా అనే 14 అంకెల సంఖ్య ఉంటుంది. రోగి ఒప్పుకుంటేనే నమోదులు ఒక ఆసుపత్రి నుంచి మరోదానికి వెళ్లాలి.

2024 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యునానీ వ్యాధుల పేర్లను అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో చేర్చి సంకేతాలు ఇచ్చింది. చార్మినార్ పక్కనున్న నిజామియా దవాఖానా వంటి చోట్ల హకీములు వాడే వ్యాధుల పేర్లు ఇక కంప్యూటరు లెక్కకూ అందగలవు.