హుక్ బేస్ ఎక్కడికెళ్లినా దొరికిపోతుంది

1976 జూన్ 4న మాంచెస్టర్‌లో పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ కచేరీ. జనం పల్చగానే ఉన్నారు. వాళ్లలో ఇద్దరు సాల్‌ఫర్డ్ కుర్రాళ్లు: బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్. మర్నాడే హుక్ బేస్ గిటార్ కొనేశాడు. తర్వాత గాయకుడు ఇయాన్ కర్టిస్, డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ తోడై జాయ్ డివిజన్ పుట్టింది.

సమ్నర్ గిటార్ హోరులో కింది తీగలు వినపడక, హుక్ పై స్థాయిలో వాయించడం అలవాటు చేసుకున్నాడు. అలా బేసే పాటకు రాగం కట్టింది. 1979 నాటి తొలి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’లో నిర్మాత మార్టిన్ హానెట్ ఆ ధ్వని చుట్టూ చల్లని ఖాళీని పరిచాడు. తమ వేదిక మీది దూకుడు రికార్డులో లేదని సమ్నర్, హుక్ గొణిగారు. చరిత్ర మాత్రం హానెట్ పక్షానే నిలిచింది!

1980 మే 18న 23 ఏళ్ల కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు.

మిగిలిన ముగ్గురూ పేరు మార్చుకుని న్యూ ఆర్డర్ అయ్యారు. గిలియన్ గిల్బర్ట్ కీబోర్డుతో చేరింది. 1981లో వచ్చిన ‘మూవ్‌మెంట్’ ఆల్బమ్ ఇంకా కర్టిస్ నీడలోనే తచ్చాడింది. 1983 నాటి ‘బ్లూ మండే’ పాటతో డ్రమ్ మెషీన్ దారి మార్చేసింది.

ఆపై ఎవరి కుంపటి వారిదే. సమ్నర్ గిటారిస్ట్ జానీ మార్‌తో ఎలక్ట్రానిక్ అనే బృందం పెట్టాడు; మోరిస్, గిల్బర్ట్ ‘ది అదర్ టూ’ అని పేరు పెట్టుకుని తమను తామే ఆటపట్టించుకున్నారు. హుక్ మొదటి ప్రయత్నం రివెంజ్ తేలిపోయింది. 1997లో అతని తర్వాతి బృందం మొనాకో పాట మోగగానే ఆ బేస్ ఎవరిదో శ్రోతలకు చెప్పక్కర్లేకపోయింది. మళ్లీ కలిసిన న్యూ ఆర్డర్‌ను 2007లో వదిలిన హుక్, 2010 నుంచి సొంత బృందంతో జాయ్ డివిజన్ ఆల్బమ్‌లను వేదికల మీద వాయిస్తున్నాడు.