ముద్దాయి పక్షాన ఒకడు: పెర్రీ మేసన్ నవలల ఆకర్షణ

అపరాధ పరిశోధక నవల అనగానే కాలక్షేపం బఠాణీలని కొట్టిపారెయ్యడం మన విమర్శకులకు పరిపాటి. కొట్టిపారేసినంత మాత్రాన వాటిని చదివే లక్షలాది జనం చదవడం మానలేదు. ఒక రకం పుస్తకం నాలుగు దశాబ్దాలపాటు జనం చేతుల్లో నలిగిందంటే, వాళ్ళ జీవితంలో తీరని అవసరమేదో అందులో తీరుతూ ఉండాలి. ఆ అవసరం ఏమిటి? అది నిజంగా తీరిందా, తీరినట్టు భ్రమ కలిగిందా? ఇది తేల్చడం సాహిత్య విమర్శ పని. ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ సృష్టించిన డిఫెన్సు లాయరు పెర్రీ మేసన్ ఇటువంటి పరిశీలనకు తగిన పాత్ర.

మేసన్ తొలి నవల ‘ది కేస్ ఆఫ్ ది వెల్వెట్ క్లాస్’ 1933లో వెలువడింది. అది అమెరికాలో మహా ఆర్థికమాంద్యం కాలం. పనిచేయగల ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి పని లేదు. బ్యాంకులు మూతపడ్డాయి. మద్యనిషేధం పేరుతో పోలీసులూ సారా ముఠాలూ ఎలా కుమ్మక్కయ్యారో జనం కళ్ళారా చూశారు. నిర్బంధంలో ఉన్నవాళ్ళను పోలీసులు హింసించి నేరం ఒప్పిస్తున్నారని ప్రభుత్వమే వేసిన వికర్‌షామ్ కమిషన్ 1931లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది అలబామా రాష్ట్రంలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద అత్యాచార నేరం మోపి, అరెస్టయిన రెండు వారాలకే విచారణ జరిపి, ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. వాళ్ళ తరఫున లాయర్లు నిలబడ్డారన్న మాటే గాని కేసు తయారుచేసుకునే వ్యవధి వాళ్ళకు లేదు. ఆ విచారణ చెల్లదని 1932లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే స్కాట్స్‌బరో కేసు.

ఈ నేపథ్యంలో చూస్తేగాని మేసన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో అర్థం కాదు. షెర్లాక్ హోమ్స్ పని దాగిన నేరస్థుణ్ణి బయటికి లాగడం. మేసన్ పని చట్టం అప్పటికే పట్టుకున్న మనిషిని దాని పిడికిట్లోంచి విడిపించడం. హోమ్స్ కథల్లో పోలీసు తెలివితక్కువవాడు, అంతే. మేసన్ కథల్లో పోలీసు ప్రమాదకరమైనవాడు. రాజ్యం ఒకవైపు, ఒంటరి మనిషి ఒకవైపు నిలబడినప్పుడు పాఠకుడు తనను ముద్దాయి స్థానంలో చూసుకుంటాడు. ఈ నవలల బలమంతా అక్కడే ఉంది.

గార్డ్‌నర్‌కి ఈ విషయం పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. ఆయన 1889లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. లా కాలేజీ చదువు సాగకపోయినా లాయర్ల ఆఫీసుల్లో పనిచేస్తూ నేర్చుకుని 1911లో కాలిఫోర్నియాలో సన్నదు సంపాదించాడు. ఆక్స్‌నార్డ్ పట్నంలో ఆయన దగ్గరికి వచ్చిన కక్షిదారుల్లో చాలామంది చైనా, మెక్సికో వలస జనం. డబ్బూ పలుకుబడీ లేనివాళ్ళు. ఆయన జీవిత చరిత్రల్లో ఒక ఉదంతం కనిపిస్తుంది. లాటరీ టిక్కెట్లు అమ్మారని కొందరు చైనా దుకాణదారుల మీద వారెంట్లు పుట్టాయని తెలిసి, గార్డ్‌నర్ ఒకరి దుకాణంలో ఇంకొకరిని కూర్చోబెట్టాడు. పోలీసులు మనిషిని గుర్తుపట్టకుండా దుకాణాన్ని బట్టి పట్టుకెళ్ళారు. కేసులు నిలవలేదు. పేరు మార్పిడి, మనిషి మార్పిడి, పొరబడ్డ సాక్షి—మేసన్ నవలల్లో పదేపదే కనిపించే ఎత్తులన్నీ ఈ ఉదంతంలోనే ఉన్నాయి.

కోర్టు పనితో పాటు ఆయన రాత్రిళ్ళు చౌక కాగితం మీద అచ్చయ్యే పత్రికలకు కథలు రాశాడు. తనను తాను కథల కర్మాగారం అని చెప్పుకున్న మనిషి. ఒక్క మేసన్ మీదే 82 నవలలు వచ్చాయి. అందులో రెండు 1970లో ఆయన చనిపోయిన తర్వాత వెలువడ్డాయి. 1957 నుంచి 1966 దాకా టెలివిజన్‌లో రేమండ్ బర్ మేసన్‌గా 271 భాగాలు వచ్చాయి. మన దేశంలో కూడా ఇంగ్లీషు చదవగలిగిన మధ్యతరగతి యువకులు రైల్వేస్టేషన్ దుకాణాల్లో వాటిని కొని చదివారు.

కర్మాగారం అన్నాక అచ్చు ఒకటుంటుంది. కక్షిదారు వస్తాడు, తరచు వస్తుంది. లాయరుకే అబద్ధం చెబుతుంది. హత్య జరుగుతుంది. సాక్ష్యమంతా ఆమె మీదికే వేలు చూపిస్తుంది. సెక్రటరీ డెల్లా స్ట్రీట్, ప్రైవేటు డిటెక్టివ్ పాల్ డ్రేక్ మేసన్ పక్షం. లెఫ్టినెంట్ ట్రాగ్, ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్ అవతలి పక్షం. చివరికి క్రాస్ ఎగ్జామినేషన్లో సాక్ష్యం పేకమేడలా కూలుతుంది, అసలు హంతకుడు బయటపడతాడు. చాలా నవలల్లో ఇది జ్యూరీ ముందు జరిగే పూర్తి విచారణ కాదు. కేసు నిలబడుతుందా లేదా అని న్యాయాధికారి ఒక్కడే చూసే ప్రాథమిక విచారణ. ముద్దాయి నెలల తరబడి జైల్లో మగ్గే కాలం కథలోకి రాకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

ఈ అచ్చులో ఒక మెలిక ఉంది. తొలి నవలలో ఈవా అనే కక్షిదారు హత్యానింద మేసన్ మీదికే తోస్తుంది. అయినా అతను ఆమె కేసు వదలడు. వకాల్తా పుచ్చుకున్నాక కక్షిదారు మంచిదా చెడ్డదా అన్నది లాయరు ప్రశ్న కాదన్న సూత్రం అక్కడ నిలబడింది. గొప్ప సూత్రమే. కాని గార్డ్‌నర్ దానికి పూర్తి పరీక్ష పెట్టలేదు. ఈవా కూడా హత్య చేయలేదని తేలుతుంది. ఆ తర్వాతి కక్షిదారులదీ దాదాపు ఇదే వరస. కనుక పాఠకుడికి తెలియకుండానే ఇంకో పాఠం ఎక్కుతుంది: లాయరు ఉండవలసింది నిర్దోషికే అని. ఇక కోర్టులోనే అసలు దోషి దొరకడంతో వ్యవస్థ మీద పుట్టిన అనుమానం అక్కడికక్కడే చల్లారిపోతుంది. తప్పు ఒక మనిషిదే అయింది, చట్టానిది కాలేదు.

దీనికి జవాబు గార్డ్‌నర్ జీవితంలోనే ఉంది. 1948లో ‘ఆర్గసీ’ పత్రిక ఆసరాతో, అన్యాయంగా శిక్షపడ్డవాళ్ళ కేసులు తిరగతోడడానికి ‘ది కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ అనే బృందాన్ని ఆయన నడిపాడు. క్లారెన్స్ బోగీ అనే అడవి కూలీ వాషింగ్టన్ రాష్ట్రపు జైల్లో పదేళ్ళకు పైగా గడిపాకగాని ఆ కృషి ఫలితంగా బయటపడలేదు. నవలలో నాలుగు రోజుల్లో దొరికే న్యాయానికి బయట పట్టే కాలం అది. అక్కడ ఎవరూ బోనులో నిలబడి నేరం ఒప్పుకోలేదు.

టెలివిజన్‌లో మేసన్ ప్రతివారం గెలుస్తున్న రోజుల్లోనే, 1961లో, ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు చిన్న దొంగతనం కేసులో లాయర్ని ఇమ్మని అడిగాడు. కోర్టు ఇవ్వలేదు, శిక్ష వేసింది. అతను జైలునుంచి పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. డబ్బులేని ముద్దాయికి ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలని 1963లో తీర్పు వచ్చింది. మళ్ళీ విచారణ జరిగినప్పుడు, ఈసారి లాయరు ఉన్నాడు గనుక, గిడియన్ విడుదలయ్యాడు. ప్రేక్షకుడు మేసన్‌లో చూసిన కల ఇదే. దాన్ని చట్టంలోకి తెచ్చింది మాత్రం మేసన్ లాంటి లాయరు కాదు, పెన్సిలు పట్టిన ఖైదీ.

ఈ సంగతి మనకెందుకు? ఫలానా కేసులో ముద్దాయి తరఫున ఎవరూ నిలబడకూడదని మన దేశంలో బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేసిన సందర్భాలున్నాయి. అటువంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. జనం అసహ్యించుకునే ముద్దాయికి కూడా లాయరు ఉండాలన్న మాట దగ్గరే మనం తడబడతాం. మేసన్ నవలలు పాఠకుణ్ణి ఆ గుమ్మం దాకా తీసుకొచ్చి వెనక్కి పంపేస్తాయి.

గుమ్మం దాటి లోపలికి వెళ్ళిన రచయిత మనకున్నాడు. విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధం కేసుల చుట్టూ తిరిగే జనాన్ని చూపించాడు. ఆ కథల్లో ముద్దాయి అమాయకుడు కానక్కర్లేదు. అయినా మన సానుభూతి అతనివైపే ఉంటుంది. ఎందుకంటే అక్కడ విచారణలో నిలబడేది అతనొక్కడే కాదు, పోలీసూ ప్లీడరూ కోర్టూ కూడా. గార్డ్‌నర్, రావిశాస్త్రి ఇద్దరూ కోర్టు వరండాల్లో కథలు ఏరుకున్నవాళ్ళే. పాఠకుణ్ణి ముద్దాయి స్థానంలో నిలబెట్టే విద్య మొదటివాడి దగ్గర నేర్చుకోదగ్గదే. నిలబెట్టాక అతన్ని ఊరడించి ఇంటికి పంపకపోవడం రెండోవాడి దగ్గర నేర్చుకోవాలి.